నెలనెలా బాక్సు అద్దె ఏ టీవీ కోసం?

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఇంట్లో ఆమె, భర్త, హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న కొడుకు, అత్తగారు పోయాక ఇక్కడికి వచ్చి వీళ్లతోనే ఉండిపోయిన మామగారు ఉంటారు. టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకే కేబుల్ కంపెనీవి. చేరేటప్పుడు ప్రకటనలో చూసిన ధర 130 డాలర్లు. మొదటి బిల్లే 170 వచ్చింది. ప్రమోషన్ గడువు అయిపోయాక పెరుగుతూ పెరుగుతూ ఇప్పుడు 239 దాకా వచ్చింది. అందులో తెలుగు ఛానళ్లతో కలిపి టీవీ ప్యాకేజీ 75, ఇంటర్నెట్ 55, బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు 26, రీజినల్ స్పోర్ట్స్ ఫీజు 13, మూడు బాక్సులకు 11 చొప్పున 33, డీవీఆర్ (కార్యక్రమాలు రికార్డు చేసుకునే) సర్వీసుకు 10, మోడెమ్ అద్దె 15, మిగతా 12 పన్నులు.

ఆమెకు ఒళ్లు మండుతున్నది బాక్సుల దగ్గర. "మూడో బాక్సు మా బెడ్‌రూమ్‌లో ఉంది. దాన్ని ఆఖరిసారి ఎప్పుడు ఆన్ చేశామో ఎవరికీ గుర్తు లేదు. అయినా నెల తిరిగేసరికి 11 డాలర్లు. ఈపాటికి ఆ డబ్బా ఖరీదు ఎన్నిసార్లు కట్టేసి ఉంటాం?" అని అడుగుతున్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే, కొత్తగా రెండేళ్ల కాంట్రాక్టు తీసుకుంటే ఏడాదిపాటు నెలకు 25 డాలర్లు తగ్గిస్తామన్నారట. ఈలోగా ఒక శాటిలైట్ టీవీ కంపెనీ ఆఫర్ వచ్చింది. టీవీ 85 డాలర్లు, మొదటి ఏడాది బాక్సులు ఉచితం, ఆ తర్వాత 'స్టాండర్డ్ రేటు', కాంట్రాక్టు రెండేళ్లు. కొడుకేమో "ఈ రోజుల్లో ఇంకా కేబుల్ ఏంటమ్మా, అన్నీ యాప్‌లోనే" అంటున్నాడు.

ఇంట్లో సంగతి వేరు. భర్త "యాభై డాలర్ల కోసం ఇంత తలనొప్పి ఎందుకు, వదిలెయ్" అంటారు. ఆయన అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో తప్ప టీవీ ముందు కూర్చోరు. మామగారికి మాత్రం పొద్దున్నే తెలుగు వార్తలు, సాయంత్రం సీరియళ్లు లేకపోతే రోజు గడవదు. రిమోట్ మీద ఆయనకు కావలసిన నాలుగు బటన్లకు కోడలే ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టి ఇచ్చారు. ఒకరోజు బిల్లు మీద భార్యాభర్తలు వాదించుకుంటుంటే విని, "నా గదిలో టీవీ తీయించెయ్యమ్మా, నాకు పేపర్ చాలు" అన్నారట ఆయన. ఆ మాట గుచ్చుకుంటోందని, తాను పిసినారిలా మాట్లాడుతోందేమోనని, అసలు కంపెనీ మారాలా వద్దా చెప్పమని ఆమె అడిగారు.

సమాధానం:

ముందు ఆ పిసినారి మాట తేల్చేద్దాం. మూడు బాక్సులు, డీవీఆర్, మోడెమ్ కలిపితే నెలకు 58. ఏడాదికి 696 డాలర్లు. ఏడువందల డాలర్లు ఎక్కడికి పోతున్నాయో చూసుకునే మనిషిని పిసినారి అనరు. మీవారికి అది యాభైగా కనిపిస్తోందంటే నెల లెక్క చూస్తున్నారు కాబట్టి. ఈసారి ఏడాది లెక్క చెప్పి చూడండి.

ఇక అసలు ప్రశ్న. కంపెనీ మారాలా అని మీరు అడిగారు. కానీ మీకు కోపం తెప్పిస్తున్న ఖర్చు ఒక్కో టీవీకి విడివిడిగా పడుతున్నది. బెడ్‌రూమ్ టీవీ ఎవరూ చూడరు. హాల్లో టీవీ ఏడాదిలో ఐదారు నెలలు, అదీ ఫుట్‌బాల్ కోసం. మామగారి గదిలో టీవీ రోజూ, అదీ తెలుగు ఛానళ్ల కోసం. మూడు గదుల్లో మూడు రకాల అవసరాలున్నాయి. మూడింటికీ కలిపి ఒకే నిర్ణయం తీసుకోబోతున్నారు గనుకే మీకు ఎటు చూసినా ముడి పడుతోంది. టీవీ టీవీకీ విడిగా తేల్చుకోండి. ఆ తర్వాత కంపెనీ మార్పు అవసరమో కాదో చాలావరకు అదే తేలుతుంది.

బెడ్‌రూమ్ బాక్సు గురించి ఆలోచించాల్సిందేమీ లేదు. ఇవాళే ప్లగ్ పీకి వాపసు ఇచ్చేయండి. కాంట్రాక్టు మారదు, ప్యాకేజీ మారదు, ఏడాదికి 132 డాలర్లు మిగులుతాయి. ఆఫ్ చేసి ఉన్న బాక్సు కరెంటు తినదనుకుంటాం గానీ అది నిజం కాదు. నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు 2011లో లెక్కగడితే, అంతకు ముందు ఏడాది అమెరికాలో ఇలాంటి బాక్సులు 2,700 కోట్ల యూనిట్ల కరెంటు కాల్చాయి. అందులో మూడింట రెండు వంతులు ఎవరూ టీవీ చూడని సమయంలోనే. ఆ తర్వాత వచ్చిన బాక్సులు కాస్త మెరుగనుకోండి. అయినా చూడని టీవీకి అద్దె, కరెంటు రెండూ ఎందుకు?

మోడెమ్ సంగతి కూడా దాదాపు అంతే. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో వాళ్ల నెట్‌వర్క్‌కు సరిపోయే మోడెమ్‌ల జాబితా ఉంటుంది. అందులో ఉన్నదాన్ని మీరే కొనుక్కోవచ్చు. నెలకు 15 చొప్పున ఏడాదికి 180 కడుతున్నారు. మంచి మోడెమ్ ధర సుమారుగా ఏడాదిలోనో, కాస్త అటూ ఇటూగానో తిరిగి వచ్చేస్తుంది. కొనే ముందు రెండు విషయాలు అడగండి. ఇంట్లో ల్యాండ్‌లైన్ కూడా వాళ్లదే అయితే ఫోన్ పోర్టు ఉన్న మోడెమ్ కావాలి. కొన్ని కంపెనీలు అన్‌లిమిటెడ్ డేటాను అద్దె మోడెమ్‌తో ముడిపెడతాయి. మీ ప్లాన్‌లో అలా ఉంటే మోడెమ్ మార్చాక డేటాకు విడిగా కట్టాల్సి వస్తుంది. అప్పుడు లాభమేమీ ఉండదు.

సొంత మోడెమ్ పెట్టుకున్నాక కూడా అద్దె పడితే ఊరుకోకండి. 2019లో వచ్చిన టెలివిజన్ వ్యూయర్ ప్రొటెక్షన్ చట్టం 2020 డిసెంబరు 20 నుంచి అమల్లో ఉంది. మీరు సొంతంగా తెచ్చుకున్న పరికరానికి గానీ, మీరు వాపసు ఇచ్చేసిన పరికరానికి గానీ కంపెనీ అద్దె వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ ముక్క ఫోన్‌లో చెబితే చాలాసార్లు అవతలి గొంతు మారుతుంది.

'ఆ డబ్బా ఖరీదు ఎన్నిసార్లు కట్టేసి ఉంటాం' అన్నారే, ఆ కోపం మీ ఒక్కరిదే కాదు, అమెరికా చట్టసభకూ పాతదే. బాక్సును టీవీలాగే జనం దుకాణంలో కొనుక్కునే ఏర్పాటు చేయమని 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టంతో చేరిన 629వ సెక్షన్ ఎఫ్‌సీసీకి (టీవీ, ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థకు) చెప్పింది. దానికోసమే కేబుల్‌కార్డ్ అని ఒకటి వచ్చింది. ఆ కార్డు దూరిస్తే వేరే కంపెనీ చేసిన బాక్సు కూడా కేబుల్ ఛానళ్లను చూపించేది. 2007 జులై నుంచి కేబుల్ కంపెనీలు తాము కొత్తగా అద్దెకిచ్చే బాక్సుల్లోనూ అదే వాడాలన్నారు. జనం పెద్దగా పట్టించుకోలేదు, కంపెనీలు ఉత్సాహం చూపలేదు. 2015లో ఇద్దరు సెనేటర్లు, మార్కీ, బ్లూమెంథాల్, కంపెనీల నుంచి లెక్కలు తెప్పిస్తే పే టీవీ (డబ్బు కట్టి చూసే టీవీ) కస్టమర్లలో దాదాపు 99 శాతం బాక్సు అద్దెకే తీసుకుంటున్నారని, సగటున ఒక్కో ఇల్లు ఏడాదికి 231 డాలర్లు కడుతోందని తేలింది. దాని ఆధారంగా 2016లో అప్పటి ఎఫ్‌సీసీ ఛైర్మన్ టామ్ వీలర్ బాక్సు గుత్తాధిపత్యం తీసేద్దామని ప్రతిపాదించారు. సెప్టెంబరులో ఓటింగ్ జరగాల్సిన రోజే అది అజెండా నుంచి జారిపోయింది. 2020లో కేబుల్‌కార్డ్ నిబంధనలకూ మంగళం పాడారు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, టీవీ బాక్సును మోడెమ్‌లాగా కొనుక్కునే దారి మీకిప్పుడు లేదు. కంపెనీ బాక్సు కావాలంటే అద్దె తప్పదు. అద్దె వద్దంటే ఆ బాక్సే అక్కర్లేకుండా చూసుకోవాలి.

హాల్లో టీవీకి వద్దాం. మీ బిల్లులో నాకు అన్నిటికంటే విచిత్రంగా కనిపించినవి మీరు అంతగా పట్టించుకోని రెండు వరసలు. బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు 26, రీజినల్ స్పోర్ట్స్ ఫీజు 13. రీజినల్ స్పోర్ట్స్ ఛానళ్లలో వచ్చేవి ఆ ప్రాంతపు బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ జట్ల మ్యాచ్‌లు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్) సీజన్ ఆటలు వాటిలో రావు. అంటే మీవారు ఫుట్‌బాల్ మాత్రమే చూసే మనిషైతే ఆ 13 డాలర్లు ఆయన ఒక్కసారి కూడా పెట్టని ఛానళ్ల కోసం పోతున్నాయి. ఆ ఫీజు ఒక్కటే తీసేయమంటే కంపెనీ తీయదు. ఆ ఛానళ్లు లేని చిన్న ప్యాకేజీకి దిగితే పోతుందా అని అడగాలి.

బ్రాడ్‌కాస్ట్ ఫీజు కథ ఇంకోటి. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ లాంటి స్థానిక స్టేషన్లు గాల్లో ఉచితంగానే వస్తాయి. యాంటెన్నా ఉంటే చాలు. కానీ 1992 కేబుల్ చట్టం ప్రకారం కేబుల్ కంపెనీ తమ స్టేషన్‌ను చూపించాలంటే తమ అనుమతి తీసుకోవాలని, దానికి డబ్బు కట్టాలని స్టేషన్లు అడగవచ్చు. ఆ డబ్బే మీ బిల్లులో విడిగా ఒక వరసై కూర్చుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటల్లో ఎక్కువభాగం ఈ స్టేషన్లలోనే వస్తాయి. గురువారం రాత్రివి 2022 నుంచి అమెజాన్ ప్రైమ్‌లో, సోమవారం రాత్రివి ఈఎస్‌పీఎన్ అనే కేబుల్ ఛానల్‌లో వస్తాయి. అలా కేబుల్‌లో, యాప్‌లో వచ్చే ఆటల్లో మీ ఊరి జట్టు ఆడుతుంటే, ఆ ఆట స్థానిక స్టేషన్‌లో కూడా ఇస్తారు. కాబట్టి హాల్లో టీవీకి ఒక యాంటెన్నా తగిలించి చూడండి. మీ చిరునామాకు ఏ స్టేషన్లు ఎంత బలంగా అందుతాయో ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని డీటీవీ మ్యాప్‌లో కనిపిస్తుంది. కొండల చాటునో, స్టేషన్లకు బాగా దూరంగానో ఉంటే ఈ దారి పనికిరాదు. అది ముందే తెలిసిపోతుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోరేమోనని భయపడకండి. మీ సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని వాళ్లు నిషేధించకూడదని ఎఫ్‌సీసీ నిబంధనే ఉంది.

దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. యాంటెన్నాకు డీవీఆర్ ఉండదు. కావాలంటే విడిగా కొనాలి. ఆట మధ్యలో ఆపి వెనక్కి తిప్పి చూసే అలవాటు మీవారికి ఉంటే మొదటి ఆదివారమే గొడవ మొదలవుతుంది. అందుకే ఆయన్ను ముందే కూర్చోబెట్టి అడగండి. 'నీకు ఏ ఆటలు కావాలి, రికార్డు చేసుకుంటావా' అన్న రెండు ప్రశ్నలకు ఆయన నోటితోనే జవాబు రావాలి. 'వదిలెయ్' అనే మనిషి తర్వాత రిమోట్ పట్టుకుని మీ మీద విసుక్కోకూడదు కదా.

శాటిలైట్ కంపెనీ ఆఫర్ గురించి. కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు మీ బిల్లులో టీవీ వాటా, అంటే ప్యాకేజీ, రెండు ఫీజులు, బాక్సులు, డీవీఆర్ కలిపి 157. వాళ్లది 85. తేడా 72. ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మీరు టీవీ తీసేస్తే పాత కంపెనీలో ఇంటర్నెట్ ఒక్కటే మిగులుతుంది. రెండూ కలిపి తీసుకున్నందుకు ఇచ్చిన 55 డాలర్ల రేటు అప్పుడు ఉంటుందా? ఈ సంగతి మీ ఉత్తరంలో లేదు. ఉదాహరణకు అది 75 అయిందనుకోండి, తేడా 52కి దిగింది. రెండో ఏడాది బాక్సుల ఉచితం అయిపోతుంది. వాళ్ల 'స్టాండర్డ్ రేటు' ఇప్పుడు మీరు కడుతున్నంతే, అంటే డీవీఆర్‌తో కలిపి 43 అనుకుంటే, మిగిలేది 9 డాలర్లు. ఆ 85 కూడా మొదటి ఏడాది ధరే అయితే ఆ తొమ్మిదీ మిగలదు. కాంట్రాక్టు మాత్రం ఇంకా ఏడాది ఉంటుంది, మధ్యలో వదిలితే జరిమానా. నేను చెప్పిన అంకెలు నా ఊహలే, మీరు అసలు అంకెలు కనుక్కుని ఇదే లెక్క వేయండి. రెండేళ్ల మొత్తాన్ని 24తో భాగించి, నెలకు ఎంత పడుతుందో చూడండి. మొదటి ఏడాది ధర చూసి సంతకం పెట్టకండి.

ఆ అసలు అంకెలు రాబట్టడం ఇదివరకటి కంటే ఇప్పుడు కొంచెం సులువు. 2024లో ఎఫ్‌సీసీ తెచ్చిన 'ఆల్ ఇన్' ధర నిబంధన ప్రకారం కేబుల్, శాటిలైట్ కంపెనీలు ప్రకటనలోనే బ్రాడ్‌కాస్ట్ ఫీజు, స్పోర్ట్స్ ఫీజు కలిపిన ధర చూపించాలి. ఇది మంచిదే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, అది సరిగ్గా మీకే తగిలేది. ఆ ధరలో బాక్సు అద్దె, పన్నులు కలవవు. కాబట్టి 'ఆల్ ఇన్' అని చూసి మొత్తం అదే అనుకోకండి, పరికరాల అద్దె ఎంతో విడిగా అడగాల్సిందే. ఇంటర్నెట్ సంగతికొస్తే, ఒక్కటే తీసుకుంటే ఎంతో ఎవరినీ అడగనక్కర్లేదు. 2024 నుంచి ప్రతి ఇంటర్నెట్ ప్లాన్ పక్కనా బ్రాడ్‌బ్యాండ్ లేబుల్ పెట్టాలి. ఆహార పొట్లాల మీద పోషకాల పట్టిక ఉన్నట్టే ఉంటుంది. నెల ధర, ప్రమోషన్ ఎన్నాళ్లు, ఆ తర్వాత ఎంత, మోడెమ్ అద్దె ఎంత అన్నీ అందులో ఉంటాయి.

కేబుల్, శాటిలైట్ టీవీ కంపెనీల్లో ఎవరితో ఒప్పందం చేసుకున్నా, పన్నులు, ఫీజులు, పరికరాలు కలిపిన మొత్తం నెల ఖర్చు ఒప్పందానికి ముందే చెప్పాలని, ఆ వివరాలు 24 గంటల్లోపు మెయిల్‌లోనో మరోలానో పంపాలని పైన చెప్పిన 2019 చట్టంలోనే ఉంది. అవి అందాక మరో 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ మెయిల్ రాగానే మీరు రాసుకున్న లెక్క పక్కన పెట్టుకుని చూడండి. పది డాలర్లు తేడా ఉన్నా అదే రోజు ఫోన్ చేయండి.

మీ పాత కంపెనీ ఇస్తానన్న 25 డాలర్ల తగ్గింపు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఏడాది తగ్గింపు ఇచ్చి రెండేళ్లు కట్టిపడేస్తున్నారు. మొత్తం మిగిలేది 300. బెడ్‌రూమ్ బాక్సు, మోడెమ్ వాపసు ఇస్తే ఏ కాంట్రాక్టూ లేకుండానే ఏడాదికి 312 మిగులుతోంది. మోడెమ్ ఖర్చు ఒక్కసారిదే, రెండో ఏడాది నుంచి అంతా మిగులే. అలాగని ఆ తగ్గింపును పూర్తిగా వదులుకోనక్కర్లేదు. ముందు బాక్సు, మోడెమ్ వాపసు ఇచ్చాక, శాటిలైట్ ఆఫర్ చేతిలో పట్టుకుని, 'క్యాన్సిల్ చేద్దామనుకుంటున్నాను' అని ఫోన్ చేయండి. ఆ మాట అంటే మామూలు కస్టమర్ కేర్ నుంచి, కస్టమర్లు పోకుండా చూసుకునే రిటెన్షన్ విభాగానికి కలుపుతారు. తగ్గించే అధికారం ఎక్కువగా వాళ్లకే ఉంటుంది. కాంట్రాక్టు లేకుండా ఎంత తగ్గిస్తారో అడగండి. ఇవ్వకపోతే థాంక్స్ చెప్పి పెట్టేయండి. మరో వారం చేస్తే ఇంకొకరు ఇవ్వవచ్చు. కోప్పడితే లాభం ఉండదు. అవతల ఫోన్ తీసే పిల్లలు ఈ ఫీజులు పెట్టినవాళ్లు కారు.

మీ అబ్బాయి చెప్పిన యాప్ దారి నిజంగానే బాక్సు అద్దె పూర్తిగా పోయే దారి. కాంట్రాక్టు ఉండదు, రికార్డింగ్ ఉచితం, వద్దనుకున్న నెల ఆపేయవచ్చు. ఫుట్‌బాల్ సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో అయిపోతుంది కనుక మీలాంటి ఇంటికి ఇది ముఖ్యం. ఆరు నెలలు కట్టి ఆరు నెలలు మానేయవచ్చు. కానీ 'యాప్ చవక' అన్నది పాత మాట. కేబుల్ ఛానళ్లను ఇంటర్నెట్‌లో ఇచ్చే యూట్యూబ్ టీవీ 2017లో నెలకు 35 డాలర్లతో మొదలైంది, 2025 జనవరికి 82.99 అయింది. బాక్సు అద్దె లేకపోయినా ధర పెరగడం ఆగలేదు. పైగా తెలుగు ఛానళ్లకు విడిగా కట్టాలి, ఇంటర్నెట్ ఒక్కటే తీసుకుంటే పడే ధర ఇక్కడా లెక్కలోకి వస్తుంది. ఏడాదంతా కడితే శాటిలైట్ మొదటి ఏడాదికి దగ్గరగానే ఉంటుంది. సీజన్‌కు మాత్రమే కడితే చాలా తక్కువ. యాంటెన్నా బాగా పనిచేస్తే అదీ అక్కర్లేకపోవచ్చు.

మధ్యేమార్గం ఒకటుంది. చాలా కేబుల్ కంపెనీలు తమ ఛానళ్లన్నీ తమ యాప్‌లో కూడా ఇస్తున్నాయి. స్మార్ట్ టీవీలోనో, స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి గుచ్చే చిన్న పరికరం)లోనో ఆ యాప్ పెట్టుకుంటే రెండో టీవీకి, మూడో టీవీకి బాక్సు అవసరం ఉండదు. మీ కంపెనీకి అలాంటి యాప్ ఉందా, మీ టీవీలో నడుస్తుందా, తెలుగు ప్యాక్ అందులో వస్తుందా, దానికి విడిగా ఏమైనా ఫీజు ఉందా అని కనుక్కోండి. ఇవన్నీ సరిపోతే కంపెనీ మారకుండానే మీ కోపంలో ఎక్కువభాగం తీరిపోతుంది.

ఇక మామగారి గది. డబ్బు లెక్కలో అక్కడ కూడా మార్పు సాధ్యమే. ఆయన చూసేవి తెలుగు ఛానళ్లే గనుక స్టిక్‌లో తెలుగు యాప్ ఒక్కటి ఉంటే బాక్సు అక్కర్లేదు. కానీ అన్నిటికంటే ఆఖరున ముట్టుకోవాల్సింది ఆ గదినే. ఆయన 'తీయించెయ్యమ్మా' అన్నది టీవీ వద్దని కాదని మీకూ తెలుసు. తన వల్ల ఖర్చు అన్న మాట ఆయన చెవిన పడింది, అది ఆయన్ను బాధపెట్టింది. భార్య పోయి, ఊరు వదిలి, కొడుకు ఇంట్లో ఉంటున్న మనిషికి రోజులో తన చేతిలో ఉన్నది ఆ రిమోట్ ఒక్కటే. ముందు మిగతా రెండు టీవీల సంగతి తేల్చి, 'బెడ్‌రూమ్‌లోది ఇచ్చేశాం, మీది అలాగే ఉంటుంది మామయ్యా' అని చెప్పండి. ఆ మాట మీకంటే మీవారు చెబితే ఇంకా బాగుంటుంది. కోడలు ఎంత ప్రేమగా చెప్పినా సర్దిచెబుతున్నట్టు వినిపిస్తుంది. కొడుకు 'నాన్నా, వందకీ యాభైకీ నీ టీవీ తీసేస్తామా' అంటే ఆయనకు అక్కడితో తీరిపోతుంది.

తర్వాత ఎప్పుడైనా మార్చాలనుకుంటే బాక్సు తీయకుండానే స్టిక్‌ను టీవీకి ఉన్న రెండో హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులో పెట్టండి. మీ అబ్బాయికి అప్పగించండి, తాతయ్య పక్కన కూర్చుని చూపిస్తాడు. ఛానల్ నంబరు కొట్టే అలవాటున్నవాళ్లకు యాప్‌లో బొమ్మలు వెతుక్కోవడం కష్టం. కొన్ని యాప్‌లలో లైవ్ పెట్టి పైకీ కిందికీ నొక్కితే ఛానళ్లు మారతాయి, అలాంటిది చూసుకోండి. నెల రోజులు రెండూ ఉంచండి. ఆయన తనంతట తానే స్టిక్ వైపు వస్తే బాక్సు పంపేయండి. రాకపోతే ఆ 11 డాలర్లు కట్టేయండి, మళ్లీ ఆ లెక్క ఇంట్లో ఎత్తకండి. ఆ ఒక్క బాక్సుకు నేనైతే అద్దె సంతోషంగా కడతాను.

చివరగా, ఏ పరికరం వాపసు ఇచ్చినా తీసుకోవాల్సిన జాగ్రత్తలు. బాక్సు, రిమోట్, పవర్ కేబుల్ అన్నీ కలిపి ఇవ్వండి. ఇచ్చే ముందు వెనకాల ఉన్న సీరియల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కౌంటర్‌లో ఇస్తే రసీదు మీద ఆ నంబరు ఉందో లేదో అక్కడే చూడండి. పార్సిల్‌లో పంపితే ట్రాకింగ్ నంబరు దాచండి. వాపసు రాలేదంటూ నెలల తర్వాత వందల డాలర్ల బిల్లు పంపడం ఈ రంగంలో తరచుగా జరిగేదే, అప్పుడు ఆ కాగితం ఒక్కటే మీకు ఆధారం. మొత్తం సర్వీసే మానేస్తే ఆఖరి బిల్లు వచ్చి, సరిచూసుకునేదాకా ఆటో పే (బిల్లు దానంతటదే కట్టుకుపోయే ఏర్పాటు) మీద ఒక కన్నేసి ఉంచండి. అద్దె ఆగకపోతే ముందు కంపెనీకి చెప్పండి, వినకపోతే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. రుసుమేమీ లేదు. ఎఫ్‌సీసీ దాన్ని కంపెనీకి పంపాక 30 రోజుల్లోపు వాళ్లు మీకు జవాబివ్వాలి. బెడ్‌రూమ్ బాక్సు వాపసు ఇచ్చిన తర్వాత వచ్చే మొదటి బిల్లులో 'మూడు బాక్సులు' అన్న చోట 'రెండు' అని పడిందో లేదో చూసి, మళ్లీ రాయండి.